మెటల్ డ్రమ్ముల ధ్వని: దెబ్బ ఎవరిది?

(బెంగుళూరు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సాయంకాలపు కార్యక్రమ పత్రములో మా ప్రసంగ విషయము "మెటల్ డ్రమ్ములు" అని అచ్చయినది. అది చూచి మన సంఘములోని ఒక పెద్దమనిషి, "మెటల్ అంటే లోహము గదా! దేవాలయములలోని రాగి నగారాలను గురించి మాట్లాడుతారా?" అని అడిగినారు. కాదని చెప్పగా ఆయన కొంచెము నిరుత్సాహపడినారు. కాని ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. మేము చెప్పబోయే వాద్యములలో ముఖ్యమైన స్నేరు అను డ్రమ్మును తరచుగా ఇత్తడితోనో ఉక్కుతోనో చేస్తారు. ఈ సంగీతము పుట్టిన ఊరు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్, లోహపు కార్ఖానాల ఊరే. అక్కడి బ్లాక్ సబ్బత్ బృందములో గిటారు వాయించిన టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకొన్నవాడు. ఆ బృందమువారు తమ మొదటి రికార్డును 1969లో దాదాపు ఒక్క దినములో వాయించి ముగించినారు. అది 1970 ఫిబ్రవరిలో వెలువడినది. హెవీ మెటల్ అను సంగీతమునకు అది ఆది అని చాలామంది చెప్పే మాట.

పచ్చడి తిని, పంచాంగము విని, పద్యాలు వినవలసిన సభలో ఈ గోలేమిటని కొందరికి అనిపించవచ్చును. నిరుడు ఇదే వేదిక మీద మన పిల్లలు వాయించినప్పుడు ముందు వరుసవారు మూడవ పాటకు లేచి భోజనాల వైపు నడిచినారు. వారిలో మేమూ ఇద్దరము ఉన్నాము, దాచుకొనుట దేనికి? కాని బెంగుళూరులో కాపురముంటూ ఈ సంగీతమును తప్పించుకొనుట కష్టము. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా ఇక్కడి ప్యాలెస్ గ్రౌండ్సులో కచేరీలు చేసినవి. క్రిప్టోస్ అను బృందము 1998లో ఈ ఊరిలోనే పుట్టి, యూరపు దాక వెళ్ళి వాయించి వచ్చినది. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు మాట్లాడి, సాయంకాలము మేడమీద గదిలో చేరి ఈ డ్రమ్ములు వాయిస్తున్నారు. వారి కష్టము ఏమిటో ఈ ఏడాది కాలములో మాకు కొంత తెలిసివచ్చినది.

తెలియనివారి కొరకు రెండు మాటలు. ఈ వాద్యములో ఒక మనిషి చుట్టూ అరడజను డ్రమ్ములు, అన్నే తాళపు పళ్ళెములు ఉంటవి. నేలమీద పడుకోబెట్టిన పెద్ద డ్రమ్ము కిక్కు. సాధారణముగా 22 అంగుళాల వ్యాసము. దానిని కాలితో త్రొక్కి వాయిస్తారు. మెటల్ వాయించేవారు రెండు కాళ్ళతోనూ త్రొక్కుతారు. మోకాళ్ళ మధ్యనుండే 14 అంగుళాల డ్రమ్ము స్నేరు. దాని అడుగు మూతకు ఆనుకొని సన్నని తీగల వరుస ఉంటుంది, ఆ తీగలే చురుకైన చప్పుడునిస్తవి. మిగిలినవి టామ్‌లు. పళ్ళెములను సింబల్స్ అంటారు.

ఇక అసలు కథ. మాలో ఒకరి అన్నగారి అబ్బాయి అటువంటి బృందములో డ్రమ్ములు వాయిస్తాడు. తమ నాలుగు పాటలను రికార్డు చేయించుటకు ఏడాదిపాటు పి.యు.సి. పిల్లలకు లెక్కలు చెప్పి డబ్బు కూడబెట్టినాడు. ఒక స్టూడియోలో (పేరు మనకు అనవసరము) రెండు దినములు వాయించి వచ్చినాడు. మూడు వారాలకు పాటలు తయారై వచ్చినవి. మేమందరము చుట్టూ కూర్చుండి విన్నాము. డ్రమ్ములు ఫిరంగులవలె ప్రేలుచున్నవి. భేషని మేము భుజము తట్టబోగా ఆ అబ్బాయి తల వంచుకొని, "బాబాయ్, ఇందులో ఉన్నది నేను కాదు" అన్నాడు.

మాకు బోధపడలేదు. అప్పుడతడు వివరించినాడు. అతడు వాయించిన ప్రతి దెబ్బను కంప్యూటరు గుర్తుపట్టి, దానిని తీసివేసి, ఎక్కడో పరదేశములో పెద్ద స్టూడియోలో ఇంకొకరు కొట్టగా పట్టి ఉంచిన దెబ్బను ఆ స్థానములో పెట్టినదట. దానిని శాంపిల్ అంటారు. మనము నమూనా దెబ్బ అనుకొందాము. అంతటితో ఆగక, దెబ్బలన్నింటిని గళ్ళ కాగితము మీద చుక్కలు పెట్టినట్లు సరిసమానమైన ఎడములకు జరిపినారు. పాట అతనిది, వరుస అతనిది, చప్పుడు మాత్రము అతనిది కాదు. ఎందుకిట్లా చేసినారని అడిగితే, "నీ రికార్డింగులో బలము లేదు, అందుచేత సరిచేసినాము" అన్నారట.

ఆ స్టూడియోవారిది మోసమని మేము అనము. ఈ సంగీతములో చాలామంది చేసే పనే అది. అడుగకుండా చేయుట మాత్రము బాగుండలేదు. కాని "బలము లేదు" అన్న మాట ఆ అబ్బాయిని పట్టుకొని వదలలేదు. ఒక నెల దినములు డ్రమ్ముల ముందు కూర్చుండలేదు. వాళ్ళ అమ్మగారు, చప్పుడు లేక ఇల్లు బోసిపోయినదని మాకు ఫోను చేసినారు. చప్పుడు ఎక్కువయినదని అంతకు పూర్వము ఎన్నిసార్లు చేసినారో లెక్కలేదు. సరే, ఇతని దెబ్బలో నిజముగా బలము లేదా, లేక దానిని పట్టుటలో లోపమా, తేల్చుకొందామని మేము నలుగురము పూనుకొన్నాము. మాలో ఒకరికి ఆకాశవాణి రికార్డింగు పనితో పరిచయమున్నది. మిగిలినవారికి ఓపిక ఉన్నది.

బలమంటే పెద్ద చప్పుడని మా అభిప్రాయముగా ఉండేది. అది సగమే నిజము. లెడ్ జెప్పెలిన్ బృందములో జాన్ బోనమ్ వాయించిన "వెన్ ద లెవీ బ్రేక్స్" అను పాట 1971లో వెలువడినది. హెడ్లీ గ్రేంజ్ అను పాత భవనములో మెట్ల హాలు అడుగున డ్రమ్ములు పెట్టి, పైనుండి రెండు మైకులు వ్రేలాడదీసి పట్టినారు. ఇప్పటికీ ఆ ధ్వనికి సాటిలేదంటారు. మేమూ విన్నాము, ఏనుగు నడచినట్లున్నది. కాని ఆ పాట నడక చాల నిదానము. ఒక దెబ్బ మ్రోగి, గోడలను తాకి, మెట్లెక్కి దిగివచ్చువరకు రెండవ దెబ్బ కాచుకొని ఉంటుంది.

మన అబ్బాయి పాట వేగము నిమిషమునకు 200 మాత్రలు. మాత్రకు నాలుగు చొప్పున రెండు కాళ్ళతో త్రొక్కుతాడు. అంటే సెకనుకు పదమూడు దెబ్బలకు పైన. దెబ్బకు దెబ్బకు నడుమ 75 మిల్లీసెకన్లు. కిక్కు డ్రమ్ము మ్రోత సెకనులో మూడవ వంతు నిలిచినదనుకొనండి, ఒకదానిపై ఒకటి నాలుగు దెబ్బల మ్రోతలు పడి కలిసిపోయి, చివరకు లారీ ఇంజను చప్పుడు మిగులుతుంది. కనుక వేగమైన మెటల్ పాటలో బలము పొడుగులో లేదు, పొట్టితనములో ఉన్నది. ప్రతి దెబ్బకు ముందర స్పష్టమైన "టక్" అను మొన ఉండవలెను, దాని వెనుక బరువు చటుక్కున వచ్చి చటుక్కున పోవలెను. పాంటెరా బృందములో వాయించిన విన్నీ పాల్, మెటాలికావారు 1988లో వెలువరించిన రికార్డు, అన్నింటిలోను కిక్కు టైపుమిషను కొట్టినట్లు వినిపించుటకు కారణమిదే. అదే మెటాలికావారు 1991 నాటి రికార్డులో వేగము తగ్గించినారు. వెంటనే డ్రమ్ములు పెద్దవైనవి, పెద్ద గది మ్రోతకు చోటు దొరికినది. ఈ లెక్క కాగితము మీద వేసిన రోజున మాకు సగము భయము తీరినది.

తరువాత మూతలు చూచినాము. ఇక్కడనే మొదటి దోషము దొరికినది. ఆ అబ్బాయి స్టూడియోకు తీసికొనిపోయిన డ్రమ్ముల మూతలు రెండేళ్ళ నాటివి, నడుమ గుంటలు పడినవి. ఈ కాలపు మూతలు చర్మము కావు, పాలియెస్టరు పొరలు. 1957లో స్థాపితమైన రీమో వంటి సంస్థలవల్ల అవి దేశదేశాల వ్యాపించినవి. చర్మమువలె వానకు, ఎండకు మారవుగాని, గట్టిగా వాయించేవాని చేతిలో త్వరగా చచ్చిపోతవి. చచ్చిన మూతను ఏ మైకూ బ్రతికించలేదు.

మన డప్పు కళాకారులు వాయించుటకు ముందు మంట వేసి డప్పును కాచుట అందరూ చూచినదే. మృదంగ విద్వాంసులు ఎడమ మూతకు రవ్వముద్ద పెట్టి మంద్రము తెప్పిస్తారు, కచేరీ మధ్యలో రాయితో తట్టి శ్రుతి సరిచేసికొంటారు. డ్రమ్ములకు మాత్రము శ్రుతి అక్కరలేదని మన పిల్లలు ఎట్లా అనుకొన్నారో తెలియదు. మూత చుట్టూ ఉన్న మరలను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించుతూ, ప్రతి మర దగ్గర వ్రేలితో తట్టి, అన్నిచోట్ల ఒకే స్వరము వచ్చువరకు కూర్చుండవలెను. ఒక టామ్‌కు మాకు ముప్పావు గంట పట్టినది. కిక్కు డ్రమ్ములో మ్రోత నిలువకుండ ఒక పాత రగ్గు మడిచి మూతకు తాకీ తాకనట్లు పెట్టినాము. మెత్తని ఊలు గుబక తీసివేసి గట్టి ప్లాస్టికు గుబక బిగించి, అది తగిలేచోట మూతకు చిన్న బిళ్ళ అంటించినాము. అంతే, "టక్" మైకు పెట్టకముందే వినబడినది. అబ్బాయి ముఖము ఆ పూట కొంచెము విప్పారినది.

రెండవ దోషము చేతిలో ఉన్నది. ఇది చెప్పుటకు మేము జంకినాము, అతడే కనిపెట్టినాడు. మెటల్ వాయించే కుర్రవాళ్ళు ఉత్సాహములో సింబల్స్‌ను చావగొట్టి, డ్రమ్ములను తట్టి వదలుతారు. సింబల్ చప్పుడు ప్రతి మైకులోను దూరుతుంది. స్నేరును పెంచుదామని దాని మైకును పెంచితే సింబల్ పెరుగుతుంది, టామ్‌ను పెంచితే మరల సింబలే పెరుగుతుంది. యంత్రములతో ఎంత తంటాలు పడినా విడదీయలేము. స్టూడియోవారు నమూనా దెబ్బలకు దిగుటకు ఇదే ముఖ్య కారణమై ఉండునని మా ఊహ. దీనికి మందు ఒక్కటే: డ్రమ్మును గట్టిగా, పళ్ళెమును మెల్లగా. వినుటకు తేలిక, అలవాటైన చేతికి తిరిగి నేర్పుట కష్టము. ఆరు వారములు సాధన చేసినాడు.

గదిని గురించి ఎక్కువ చెప్పము. మేడమీది గది, తొమ్మిది అడుగుల కాంక్రీటు కప్పు, నున్నని నేల. చప్పట్లు కొడితే గోడనుండి గోడకు కీచుమని తిరుగుతుంది. ఇంటిలోని పరుపులు, బొంతలు, జంపఖానాలు తెచ్చి గోడలకు ఆనించినాము, కప్పుకు ఒక పరుపు కట్టినాము. ఆ రెండు రాత్రులు ఆ ఇంటివారు చాపల మీద పడుకొన్నారు. వాయించినదంతయు పగలే, ఇరుగు పొరుగువారితో ముందుగా చెప్పుకొని.

ఇక మైకులు. కిక్కుకు లోపల ఒకటి, బయటి రంధ్రము దగ్గర ఒకటి. స్నేరుకు 1965 నుండి అందరూ వాడే ష్యూర్ ఎస్.ఎం.57, టామ్‌లకు ఒక్కొక్కటి, పైన రెండు కండెన్సరు మైకులు. కొన్ని అద్దెవి, కొన్ని అరువువి. ఏది ఏ కంపెనీది అని పిల్లలు గంటలకొద్ది వాదించుకొంటారు. మా అనుభవములో మైకు జాతికన్న మైకు దూరము ముఖ్యము. ఈ సంగతి కొంచెము నిదానముగా చెప్పనీయండి. మేము మోసపోయినది ఇక్కడనే.

స్నేరుకు రెండంగుళాల దూరములో ఒక మైకు, తలపైన మూడడుగుల ఎత్తున ఇంకొక మైకు పెట్టినాము. విడివిడిగా వింటే రెండింటిలోను స్నేరు బాగున్నది. కలిపితే, బక్కచిక్కి, అట్టముక్క మీద కొట్టినట్లయినది! ఒక పూట అంతా తలలు పట్టుకొన్నాము. చివరకు మళ్ళీ లెక్కే తీర్చినది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్నేరు మూల స్వరము సుమారు 200 కంపనములు. అంటే ఒక తరంగము పొడవు 1.7 మీటర్లు, సగము 86 సెంటీమీటర్లు. మా రెండు మైకుల దూరములలో తేడా సరిగా అంతే ఉన్నది. దగ్గర మైకులో తరంగము పైకి లేచే సమయానికి పైమైకులో క్రిందికి దిగుతున్నది; ఒకటి తోయగా రెండవది లాగుచున్నది. ఉన్న బలమును మేమే చేజేతులా కొట్టివేస్తున్నాము. బల్లమీది మీటతో ఒకదాని దిశ తిరుగవేయగానే స్నేరు గదిలోకి నడిచివచ్చినట్లు నిండుగా పలికినది. పెద్దలు నవ్వకూడదు, మేము నలుగురము లేచి చప్పట్లు కొట్టినాము.

అక్కడనుండి పైమైకులు రెండింటిని స్నేరు నడుమనుండి సమాన దూరములో ఉంచుటకు పువ్వులు కట్టే దారముతో కొలిచినాము. స్నేరు అడుగున తీగల కొరకు పెట్టిన మైకును కూడ తిరుగవేయవలసివచ్చినది. దెబ్బ పడగానే మూతలు క్రిందికి కదలుతవి గనుక పైమైకుకు దూరమైనది క్రింది మైకుకు దగ్గరవుతుంది. ఆ అబ్బాయి దెబ్బలో బలము లేదన్న మాటలో ఎంత భాగము ఇటువంటి లెక్క తప్పినదో ఎవరు చెప్పగలరు?

తరువాత కూర్పు పని. ఇది వంట వంటిది, చెప్పితే రాదు, కొన్ని కొలతలు మాత్రము చెప్పగలము. కిక్కులో 60 నుండి 80 కంపనముల దగ్గర బరువు ఉంటుంది, 300, 400 దగ్గర అట్టపెట్టె చప్పుడు ఉంటుంది. దానిని తగ్గించితే చాలు, మిగతాది తేలుతుంది. 4,000 దగ్గర "టక్" ఉంటుంది, కొంచెము పెంచవలెను. గేటు అను ఉపకరణము ద్వారపాలకునివలె దెబ్బ వచ్చినప్పుడు తలుపు తీసి, పోగానే మూస్తుంది, టామ్‌లకు వాడినాము. కంప్రెసరు ఎగిరిపడే ధ్వనిని అణచుతుంది. దానితో డ్రమ్ములన్నింటి ప్రతి ఒకటి బాగా నలుగగొట్టి, అసలుదాని క్రింద పలుచగా కలిపినాము. బలము ఎక్కువయినట్లు తోచును, దెబ్బ మొన చెడదు. రికార్డు చేయునప్పుడు మాత్రము ముల్లు సున్నా గీత దాక పోనీయకూడదు. గీత దాటిన ధ్వని తల తెగిపోతుంది. తెగిన తల అతుకదు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలినది. అతివేగముగా కాళ్ళు ఆడేచోట కొన్ని దెబ్బలు నీరసముగా పడుచున్నవి. గిటార్ల హోరులో అవి మునిగిపోతవి. ఇక్కడ నమూనా దెబ్బలు వాడక తప్పదని తేలినది. ఎవరివి వాడవలెను? రికార్డింగు ముగిసిన సాయంకాలము, మైకులు కదల్చకుండ, ఆ అబ్బాయినే కూర్చుండబెట్టి ఒక్కొక్క డ్రమ్మును విడిగా మెల్లగా కొన్ని, మధ్యస్థముగా కొన్ని, గట్టిగా కొన్ని, డజనుకు తక్కువ కాకుండ కొట్టించినాము. ప్రతి దెబ్బ పూర్తిగా ఆరిపోవువరకు ఊపిరి బిగపట్టి కూర్చున్నాము. నీరసపడినచోట అతని దెబ్బ క్రిందనే అతని దెబ్బను ఊతగా పెట్టినాము, అసలుదానిని తీయలేదు. పరుగెత్తి అలసిన మనిషికి అతని అన్ననే భుజమిచ్చినట్లు. గళ్ళ కాగితము పనికి కూడ ఇదే మర్యాద పాటించినాము. పూర్తిగా తప్పిన దెబ్బలను జరిపినాము, మిగిలినవి అతని నడకకే వదలినాము. స్నేరును ఒక వెంట్రుకవాసి వెనుకకు వేయుట అతని అలవాటు, ఆ పాట ఊపంతా అందులోనే ఉన్నది.

మెటాలికావారు 2003లో వెలువరించిన "సెయింట్ ఆంగర్" అను రికార్డులో స్నేరు క్రింది తీగలు వదులు చేసి వాయించినారు. ఖాళీ డబ్బా చప్పుడని అభిమానులే తిట్టిపోసినారు. నిజము చెప్పవలెనంటే మాకూ ఆ ధ్వని నచ్చలేదు. కాని చీకటిలో వినిపించినా అది ఎవరిదో పోల్చుకొనగలము. ఈనాడు అచ్చుగ్రుద్దినట్లు వచ్చే అందమైన డ్రమ్ములలో ఆ మాట ఎన్నింటిని గురించి అనగలమో మా అబ్బాయినే అడగండి. అతడు మొగమాటము లేకుండ చెప్పుతాడు.

మా పని స్టూడియో పనికన్న గొప్పగా వచ్చినదని మేము అనము. బరువులో అదే ఒక మెట్టు పైన ఉన్నది. పరుపులు కట్టినా తొమ్మిదడుగుల కప్పు తొమ్మిదడుగులే. అయితే ఆ అబ్బాయి మా కూర్పును మొదటిసారి విన్నప్పుడు ఏమీ అనలేదు. తొడల మీద వ్రేళ్ళతో వాయించుకొంటూ పాట చివరిదాక విన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు.

ఇప్పుడు రెండింటిలోను ఒక్కొక్క నిమిషము వినిపిస్తాము. మొదట స్టూడియో నుండి వచ్చినది, తరువాత మేడమీది గదిలో పట్టినది. రెండవదానిలో నడుమ ఒక స్నేరు దెబ్బ మరీ వెనుకబడి పడుతుంది. జరపమంటావా అని అడిగితే అబ్బాయి వద్దన్నాడు. అది అట్లాగే ఉన్నది. ముందు వరుసవారు పాట ముగియువరకు దయచేసి కూర్చుండవలెను. భోజనాలకు ఇంకా పది నిమిషములు పట్టునని వంటవారు కబురు పంపినారు.